133 గజాల డాబా మీద హామ్ యాంటెన్నా

ప్రశ్న: మాది హన్మకొండ. 133 గజాల ఇల్లు, కింద ఒకటి, పైన ఒకటి పోర్షన్లు. ఈ మధ్యే హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని హాబీగా వాడే రేడియో) పరీక్ష పాసై, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (గాల్లో నా గుర్తింపు పేరు) తెచ్చుకున్నాను. 2023 జూలైలో మోరంచపల్లి మునిగినప్పుడు మా చెల్లెలి కుటుంబం భూపాలపల్లిలో ఉంది. ఒక రోజంతా ఫోన్ కలవలేదు. ఆ టెన్షన్‌లోంచే ఈ హాబీ పట్టుకుంది. ఇప్పుడు డాబా మీద 40 అడుగుల టవర్ వేసి, పైన పెద్ద యాగీ (వరసగా అడ్డ కడ్డీలుండే, ఒకవైపుకే గురిపెట్టే యాంటెన్నా) పెట్టాలని ఉంది. వెల్డింగ్ షాపతను చేసిస్తానంటున్నాడు. మా ఆవిడేమో పిడుగును ఇంటికి పిలుచుకున్నట్టే అంటోంది. పక్కింటివాళ్ళు సెల్ టవర్ అనుకుని గొడవ పడుతున్నారు. కోతుల సంగతి చెప్పక్కర్లేదు. ఏ యాంటెన్నా పెట్టుకోవాలి, ఎంత ఎత్తులో?
– ఒక పాఠకుడు, హన్మకొండ

సమాధానం: మీ ఉత్తరం చదివితే మనసంతా టవర్ మీదే ఉన్నట్టుంది. చెల్లెలి మాట మధ్యలో వచ్చి పోయింది. నేను మాత్రం ఆ మాట దగ్గరే మొదలుపెడతాను. మీకు ఏ యాంటెన్నా కావాలో తేల్చేది అదే.

మీరు మాట్లాడాలనుకుంటున్నది భూపాలపల్లితో, ములుగుతో, మహా అయితే హైదరాబాద్‌తో. యాగీ ఆ పనికి పుట్టింది కాదు. ఎత్తయిన టవర్ మీది యాగీ శక్తినంతా ఒకవైపుకు పోగేసి, నేలకు దగ్గరి కోణంలో దూరదేశాలకు విసురుతుంది. దానితో జపాన్ పలుకుతుంది, ఇటలీ పలుకుతుంది. అరవై డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్న మీ చెల్లెలి ఊరు మాత్రం పలకకపోవచ్చు.

చేతిలో పట్టుకునే 2 మీటర్ల బ్యాండ్ సెట్‌తో అవదా అంటారేమో. (బ్యాండ్ పేరులోని మీటర్లు తరంగం పొడవు, సెట్‌ది కాదు.) 145 మెగాహెర్ట్జ్ తరంగం దాదాపు చూపు ఆనినంత దూరమే వెళ్తుంది. అటూ ఇటూ నేల మీంచి 12 మీటర్ల ఎత్తులో యాంటెన్నాలు ఉన్నాయనుకుందాం. చదును నేల మీద లెక్కకు 28 కిలోమీటర్లు వస్తుంది. మధ్యలో గుట్టలు, అడవి ఉన్న ములుగు దారిలో అదీ రాదు.

ఇక మిగిలింది 40 మీటర్ల బ్యాండ్, అంటే మన దేశంలో 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్. తక్కువ ఎత్తులో కట్టిన తీగ శక్తిని ఎక్కువగా పైకే పంపుతుంది. అది అయనోస్ఫియర్, అంటే ఆకాశంలో చాలా ఎత్తున రేడియో తరంగాలను వెనక్కి వంచే పొర, దాకా పోయి, అక్కడి నుంచి తిరిగి మన చుట్టూ కిందికి దిగుతుంది. తోటలో నీళ్ళ పైపును నిటారుగా పైకి పట్టుకుంటే చుట్టూ ఎలా తడుస్తుందో అలా. గుట్టలు అడ్డం రావు, ఎందుకంటే తరంగం వాటి పక్క నుంచి పోదు, పైనుంచి వస్తుంది. పగటిపూట భూపాలపల్లి, కరీంనగర్, హైదరాబాద్, ఇంకా విశాఖ, బెంగళూరు దాకా ఇదే తీగతో అందుతాయి. 2023 జూలై 26, 27 తేదీల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అలాంటి రోజున సెల్ టవర్లు మూగబోతే పనికొచ్చేది ఇలాంటి తీగా, ఒక 12 వోల్టుల బ్యాటరీ. అయితే ఒక షరతు. అవతల కూడా లైసెన్సు ఉన్న మనిషి, అలాంటి తీగ ఉండాలి. టవర్ డబ్బు మిగిల్చి మీ చెల్లెలినో, బావగారినో పరీక్షకు కూర్చోబెట్టండి.

రాత్రి లెక్క వేరు. పొద్దుగూకాక పై పొర పలచబడి, నిటారుగా వెళ్ళిన 7 మెగాహెర్ట్జ్ తరంగం చాలాసార్లు తిరిగి రాకుండా పోతుంది. హైదరాబాద్ వినిపించదు, ఎక్కడి రష్యావాళ్ళో ఇండోనేషియావాళ్ళో గట్టిగా వినిపిస్తారు. యాంటెన్నా పాడైందని కంగారుపడి డాబా ఎక్కకండి. కొత్తలో నేను టార్చిలైటు పట్టుకుని రెండు సార్లు ఎక్కాను.

యాగీ మీద ఇంకా మోజు తీరకపోతే టేపు పట్టుకుని డాబా కొలవండి. 20 మీటర్ల బ్యాండుకు మూడు కడ్డీల యాగీ అంటే ఒక్కో కడ్డీ దాదాపు 10 మీటర్లు. 133 గజాలంటే 30×40 అడుగులు అనుకుందాం. మీ స్థలం 30 అడుగుల వెడల్పే, అంటే 9 మీటర్లు. తిప్పిన ప్రతిసారీ కొన పక్కింటి మీదికి వెళ్తుంది. వాళ్ళు ఇప్పటికే గొడవ పడుతున్నారని మీరే రాశారు. యాగీని నేను తక్కువ చేయడం లేదు. 1926లో జపాన్‌లో ఉడా, యాగీ కలిసి లోకానికిచ్చిన వస్తువది. ఒకప్పుడు మన డాబాల మీద దూరదర్శన్ కోసం తిప్పినదీ దాని పిల్లే. ఒకరు పైన తిప్పడం, కింద నుంచి ఇంకొకరు "ఆఁ వచ్చింది... అయ్యో పోయింది" అని అరవడం మీరూ చూసే ఉంటారు. పాత యాంటెన్నా ఎక్కడైనా పడి ఉంటే పారేయకండి, దాని పని తర్వాత చెప్తాను.

ఎత్తు సంగతి. మీ డాబా నేలకు 22 అడుగుల ఎత్తున ఉందనుకుంటే, దాని మీద 20 అడుగుల పైపు నిలబెడితే నేల నుంచి 42 అడుగులు. మీరు అడిగిన 40 అడుగులు ఇల్లే ఇచ్చేసింది.

ఇప్పుడు తీగ. మనం కట్టేది డైపోల్, అంటే మధ్యలో కేబుల్ తగిలించి రెండు వైపులా సమానంగా చాచిన తీగ. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే డైపోల్ మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి 20.1 మీటర్లు, అంటే ఒక్కో వైపు 10 మీటర్లకు కొంచెం ఎక్కువ. మీ డాబా మూల నుంచి మూలకు 50 అడుగులు, అంటే 15.2 మీటర్లు. తీగ నేరుగా పట్టదు. అందుకే మధ్యలో పైపు నిలబెట్టి, పై నుంచి రెండు ఎదురెదురు మూలలకు తిరగేసిన వి ఆకారంలో దించండి. మూలల్లో పిట్టగోడకు ఎనిమిది అడుగుల పీవీసీ పైపులు నిలువుగా కట్టి, తీగను వాటి పైభాగానికి తేవాలి. అక్కడికి ఒక్కో వైపు 8.4 మీటర్లు ఖర్చవుతుంది. మిగిలిన మీటరున్నరను పిట్టగోడ వెంబడి, అదే ఎత్తులో, ఇంకో పీవీసీ పైపుకు పక్కకు మళ్ళించండి. కొనలు వంగితే యాంటెన్నా చెడిపోతుందని కొందరు భయపెడతారు. చెడిపోదు. తీగలో కరెంటు ఎక్కువగా పారేది మధ్యలో, కొనల దగ్గర దాదాపు ఏమీ ఉండదు.

కానీ ఆ కొనల దగ్గరే వోల్టేజీ ఎక్కువ. ప్రసారం చేస్తున్నప్పుడు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఎనిమిది అడుగులు అన్నది అందుకే. సంక్రాంతికి పతంగులు ఎగరేయడానికి పిల్లలు డాబా ఎక్కుతారు కదా, ఆ మూడు రోజులు రేడియోకు సెలవు ఇవ్వండి.

ఇంట్లో వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు. పైన తొడుగు ఉంటుంది కాబట్టి లెక్కకంటే కొంచెం పొట్టిగా కుదురుతుంది. అయినా ముందు ఒక్కో వైపు అరమీటరు ఎక్కువే కట్టి, ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (యాంటెన్నా ఎంత శక్తిని వెనక్కి తిప్పి పంపుతోందో చూపే పరికరం) చూసుకుంటూ కొద్దికొద్దిగా మడిచి తగ్గించండి. కత్తిరిస్తే మళ్ళీ అతకాలి, మడిస్తే విప్పుకోవచ్చు. ఎస్‌డబ్ల్యూఆర్ 1.5కు వస్తే చాలు, అక్కడ తిరిగొచ్చే శక్తి నూటికి 4 వంతులే. 2 ఉన్నా 11 వంతులే. 1.1 కోసం వారం రోజులు ఎండలో మాడేవాళ్ళను చూశాను. అవతలి చెవికి ఆ తేడా తెలియదు. ఇంకో లాభం ఉంది. 7 మెగాహెర్ట్జ్‌కు కోసిన ఈ తీగ మూడింతల దగ్గర, 21 మెగాహెర్ట్జ్ మీద కూడా చాలావరకు పలుకుతుంది. దూరదేశాల మోజు అక్కడ తీర్చుకోవచ్చు.

మధ్యలో తీగను కేబుల్‌కు కలిపే చోట ఒకటికి ఒకటి (1:1) బాలన్ పెట్టండి, కేబుల్ పైభాగం మీదికి శక్తి పారకుండా ఆపే చిన్న పరికరం అది. కొనలేకపోతే కేబుల్‌నే అక్కడ చిన్న చుట్టగా పది పన్నెండు చుట్లు చుట్టి గట్టిగా కట్టేయండి. మరీ గొప్పగా పని చేయదు కానీ ఏమీ లేనిదానికంటే నయం. అది లేకపోతే కేబుల్ చుట్టూ ఉండే లోహపు అల్లిక కూడా యాంటెన్నాగా మారి, ఇంట్లో ఉన్న గోలనంతా రేడియోలోకి మోసుకొస్తుంది. కేబుల్ సన్నటి ఆర్‌జీ-58 రకం సరిపోతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర 20 మీటర్ల పొడవుకు పోయేది ఒక డెసిబెల్ లోపే, అంటే శక్తిలో దాదాపు అయిదో వంతు లోపే. అదే కేబుల్‌ను 2 మీటర్ల బ్యాండుకు వాడితే మాత్రం దారిలోనే సగానికి పైగా ఆవిరి. దానికి లావుపాటి ఆర్‌జీ-213 వేసుకోవాలి.

పాత టీవీ యాంటెన్నా పని ఇక్కడ వస్తుంది. దాని అల్యూమినియం గొట్టాల్లోంచి 49 సెంటీమీటర్ల ముక్క ఒకటి నిలువుగా, 51 సెంటీమీటర్ల ముక్కలు నాలుగు కిందికి వాలుగా బిగిస్తే 145 మెగాహెర్ట్జ్‌కు గ్రౌండ్ ప్లేన్ అనే, అన్ని దిక్కులకూ పలికే యాంటెన్నా తయారు. పైపు నెత్తిన పెట్టండి. ఊళ్ళో మాట్లాడుకోవడానికి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నెత్తిమీంచి వెళ్ళేటప్పుడు 145.800 మీద వినడానికి సరిపోతుంది. వ్యోమగామి గొంతు మొదటిసారి విన్న రోజు ఇంట్లో అందరికీ ఫోన్ చేసి మరీ చెప్పాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పైపు నిలబెట్టే దగ్గర మాత్రం తొందర వద్దు. నా కథ చెప్తాను. కరీంనగర్‌లో అద్దె ఇంటి డాబా మీద 30 అడుగుల జీఐ పైపు వేసి, పైన చిన్న యాగీ పెట్టి, స్టే వైర్లను (పైపు పడకుండా పక్కల నుంచి లాగి పట్టే తీగలను) పిట్టగోడకు కొట్టిన కొక్కేలకు కట్టాను. మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. పైపు వంగలేదు, తీగ తెగలేదు. నాలుగంగుళాల పిట్టగోడే ఇటుకలతో సహా ఊడివచ్చింది. మొత్తం పోయి పక్కింటి నీళ్ళ ట్యాంకు మీద పడింది. ట్యాంకు కొనిచ్చాను, ఇల్లు ఖాళీ చేశాను.

గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు అవుతుంది. కట్టడాల కోసం భారత ప్రమాణం హైదరాబాద్‌కు పెట్టుకోమనే గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. ఆ గాలికి ఎదురుగా ఒక చదరపు మీటరు పలక నిలబడితే దాదాపు 118 కిలోల తోపు పడుతుంది. మీ వెల్డింగ్ షాపతను గేట్లు, గ్రిల్లులు బాగానే చేస్తాడు. ఈ లెక్క వేశాడా అని అడగండి. తీగ డైపోల్‌కు గాలి తగిలే మేర ఎంత? ఒక తువ్వాలంత కూడా ఉండదు.

స్టేలను దేనికి కట్టాలో మన ఇళ్ళే చెప్తాయి. ఎప్పటికైనా ఇంకో అంతస్తు వేద్దామని పిల్లర్ల చువ్వలు డాబా పైకి వదిలేస్తాం కదా, మీకూ ఉండే ఉంటాయి. అంతకంటే గట్టి పట్టు డాబా మీద ఇంకొకటి లేదు. తుప్పు పట్టి సన్నబడని నాలుగు మూలల చువ్వలు చూసుకుని, క్లాంపు వేసి, నాలుగు స్టేలు కట్టండి. పైపు అడుగున స్లాబుకు రంధ్రం వేయకండి, వచ్చే వానాకాలం కింది గదిలో కారుతుంది. పాత లారీ టైరులో కాంక్రీటు నింపి, మధ్యలో ఒక పెద్ద పైపు ముక్క దించి, అందులో మీ పైపు నిలబెట్టుకోవచ్చు. బోరు లోంచి తీసిన పాత జీఐ పైపు దొరికితే మంచిదే, మరలు తిరిగిన చోట తుప్పు గోకి చూసుకోండి. స్టేలకు ఇనుప తీగ వాడితే మధ్యమధ్య కరెంటు స్తంభాల స్టేకు వాడే పింగాణీ గుడ్లు వేయండి, లేకపోతే ఆ తీగలూ యాంటెన్నాలో పాలు పంచుకుంటాయి. తాడైతే ఆ బాధ లేదు, కానీ మామూలు ప్లాస్టిక్ తాడు మన ఎండకు రెండు వేసవులు ఆగదు. ముట్టుకుంటే పిండిలా రాలుతుంది.

పైపు లేపే ముందు వీధిలో కరెంటు తీగలు ఎంత దూరంలో ఉన్నాయో చూడండి. ఇదొక్కటీ నేను బతిమాలి చెప్పే మాట. 20 అడుగుల పైపు డాబా మధ్యలోంచి పక్కకు పడితే గోడ దాటి అయిదు అడుగులు బయటికి పోతుంది, వెంట తీగ కూడా. ఎటు పడినా కరెంటు తీగ అందనంత దూరం ఉండాలి. పైపు పొడవుకు ఒకటిన్నర రెట్లు ఖాళీ లేని వైపు పైపు పెట్టనే వద్దు, ఇంకో మూలకు జరపండి. లేపేటప్పుడు ముగ్గురు ఉండాలి, గాలి లేని పొద్దున పూట, వీధి వైపు కాకుండా పెరటి వైపు నుంచి.

మీ ఆవిడ భయంలో సగం నిజముంది. తీగ ఎక్కడో పోయే పిడుగును పిలిచి తీసుకురాదు. కానీ చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తుగా ఉన్న ఇనుము మీద పడే అవకాశం ఎక్కువే. నేరుగా పడితే రేడియోను కాపాడే పరికరం లేదు. మనం చేయగలిగింది, ఆ కరెంటు ఇంట్లోకి రాకుండా బయటి నుంచే నేలలోకి దిగేలా దారి వేయడం. పైపు నుంచి 25×3 మిల్లీమీటర్ల జీఐ పట్టీని గోడ బయట, వంపులు లేకుండా కిందికి దించండి. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట అరెస్టర్ (పిడుగు వోల్టేజీని ఎర్త్‌లోకి మళ్ళించే పరికరం) పెట్టి దాన్నీ అదే ఎర్త్‌కు కలపండి. చాలామంది రేడియోకు విడిగా ఎర్త్ వేసి, ఇంటి మీటరు ఎర్త్‌తో కలపకుండా వదిలేస్తారు. ఇది చాలా ప్రమాదం. పిడుగు పడిన క్షణంలో ఆ రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది, మధ్యలో ఉండేది మీ రేడియో, దాన్ని పట్టుకున్న మీరు. రెండింటినీ లావు తీగతో కలిపేయాలి. ఎలక్ట్రీషియన్‌ను దగ్గరుండి చేయించుకోండి.

ఎర్త్ రాడ్ దించడంలో హన్మకొండవాళ్ళకు ఒక కష్టం ఉంది. ఓరుగల్లు అంటేనే ఒంటిరాయి. మూడడుగులకే బండ తగిలితే సమ్మెటతో పోరాడకండి. రెండు మూడు పొట్టి రాడ్లు ఎడంగా వేసి పట్టీతో కలపండి, లేదా పట్టీనే నేలలో అడ్డంగా పొడవుగా పాతండి. బట్టలుతికిన నీళ్ళు పారే చోటైతే నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది, ఇంకా మంచిది.

ఇవన్నీ చేసినా వాడనప్పుడు కేబుల్ పీకి కిటికీ బయట పెట్టడమే అలవాటు చేసుకోండి. మెరుపు కనబడ్డాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే అది 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. అప్పటికి కేబుల్ పీకే ఉండాలి. పీకకపోతే ఇప్పుడు పీకుదామని దాన్ని ముట్టుకోవద్దు.

పక్కింటివాళ్ళను ఒక ఆదివారం చాయ్‌కి పిలిచి రేడియో చూపించండి. సెల్ టవర్ రోజంతా పని చేస్తుంది, మీరు మాట్లాడేది కాసేపు, అదీ కొన్ని పదుల వాట్లతో. లైసెన్సు కాగితం కూడా చూపించండి. వాళ్ళ టీవీలోనో స్పీకర్లోనో మీ గొంతు వస్తే వాదించకుండా, వాళ్ళ వైర్లకు ఫెర్రైట్ రింగులు (వైరు వెంట వచ్చే రేడియో గోలను ఆపే నల్లటి ఉంగరాలు) మీ ఖర్చుతో వేయండి. అసలు గోల ఎక్కువగా అటు నుంచే మీకు వస్తుంది. చవక ఎల్‌ఈడీ బల్బులు, సోలార్ ఇన్వర్టర్లు, కాజీపేట వైపైతే రైళ్ళ 25 కిలోవోల్టుల తీగలు, అన్నీ 7 మెగాహెర్ట్జ్ మీద గుయ్యిమంటాయి. ఖర్చు పెట్టకముందే ఒక పని చేయండి. రేడియోను బ్యాటరీ మీద పెట్టి, తాత్కాలికంగా తీగ కట్టి, ఇంటి మెయిన్ ఆపి వినండి. గోల తగ్గితే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు. తగ్గకపోతే కేబుల్‌ను, తీగను ఆ గోల వచ్చే దిక్కుకు దూరంగా జరపాలి.

కోతులకు నా దగ్గర పూర్తి మందు లేదు. అడ్డ గొట్టాలు ఉంటే వాటికి ఉయ్యాల దొరికినట్టే, యాగీ వద్దనడానికి అదీ ఒక కారణం. సన్న తీగ మీద అవి కూర్చోలేవు, లాగుతాయి. అందుకని కొనలను బిగించి కట్టకండి. కొనకు తాడు కట్టి, చిన్న కప్పీ మీంచి పోనిచ్చి, ఇసుక నింపిన రెండు లీటర్ల సీసా వేలాడదీయండి. కోతి లాగితే సీసా పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది, తీగ తెగదు. గాలికీ అదే ఉపాయం. కేబుల్‌ను మాత్రం డాబా మీద పీవీసీ పైపులో దాచండి, దాని నల్ల తొడుగును పళ్ళతో ఒలవడం వాటికి భలే సరదా.

రెండేళ్ళు ఈ తీగ మీద మాట్లాడాక కూడా టవర్ కావాలనిపిస్తే, అప్పుడు డాబా మీద కాకుండా ఊరి బయట సొంత స్థలంలో, నేలలో పునాది వేసి కట్టించుకోండి. మీ వరంగల్ పక్కనే ఉన్న మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి వచ్చింది. విమానాశ్రయాల చుట్టూ కట్టడాల ఎత్తుకు పరిమితులు ఉంటాయి కాబట్టి, అది, మున్సిపల్ అనుమతి తేలకుండా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వొద్దు. రేడియో అక్కడికి మార్చాలంటే లైసెన్సులో చిరునామా కూడా మార్పించుకోవాలి. వెల్డింగ్ షాపతనికి ఈసారికి పైపు క్లాంపులు నాలుగు ఆర్డర్ ఇవ్వండి.